ఎవరూ లేని పైగది

ఇంటి ఓనరు ఆంటీ తన పౌరసత్వం ఫారం నా ముందుకు తోసింది.

"సాక్షి సంతకం పెట్టమ్మా. నువ్వు అద్దెకున్న ఆ రెండేళ్లూ నేను ఈ దేశం దాటకుండా మనింట్లోనే ఉన్నానని తెలిసింది నీ ఒక్కదానికే."

"అవును. పైగదిలోనే ఉండేదాన్నిగా."

"అదే రాయి."

నేను సంచిలోంచి పాత కాగితం తీశాను. పన్ను తప్పించుకోవడానికి, తన ఇంట్లో ఎవరూ అద్దెకు లేరని ఆవిడ పన్నుల ఆఫీసుకు రాసిచ్చినదాని నకలు అది. అది చూసే, ఆ రెండేళ్లూ లెక్కలోకి రావని నా పౌరసత్వం దరఖాస్తు కొట్టేశారు.

"అసలు ఆ ఇంట్లోనే లేనిదాన్ని, సాక్ష్యం ఎలా చెప్పను ఆంటీ?"

ఆవిడ రెండుసార్లు చదివింది. కింద సంతకం తనదే.

"మరి నా రెండేళ్లు?"

పెన్నుకు మూత పెట్టి ఆవిడ చేతికిచ్చాను.

"నావి పోయిన చోటే ఉంటాయి. వెతుక్కోండి."