తొమ్మిదో గేట్‌వే

"తొమ్మిదోది పాత ఇటుకబట్టీ దగ్గర పెట్టండి," అన్నాడు పెద్ద ఇంజనీరు.

ప్లానింగు చూసే అమ్మాయి మ్యాపు మీంచి తలెత్తింది. మతిమరుపుతో దారి తప్పే పెద్దవాళ్ళ మెడలో వేయడానికి మునిసిపాలిటీ బిళ్లలు తెప్పిస్తోంది. బిళ్ల పంపే సన్నటి సంకేతాన్ని మైళ్ళ దూరం నుంచి అందుకునే పెట్టెలే ఈ గేట్‌వేలు. ఊరంతటికీ మంజూరైనవి తొమ్మిది; ఎనిమిది ఇప్పటికే బిగించారు. ఆఖరిది మార్కెట్ వెనక వాటర్ ట్యాంకు మీద పెడితే, సంకేతం అంతంతమాత్రంగా ఉన్న మూడు వందల ఇళ్ళకు బాగా అందుతుందని ఆమె లెక్క తేల్చింది.

"బట్టీ మూతపడి పదేళ్ళయింది సార్. అక్కడ నరమానవుడు కనబడడు."

"తెలుసమ్మా. అక్కడే పెట్టండి."

కారణం అడిగితే ఫైలు మూసి లేచి వెళ్ళిపోయాడు. బట్టీ స్థలం ఆయన బావమరిదిదని, గేట్‌వే పేరుతో అక్కడికి రోడ్డూ కరెంటూ లాక్కుపోతాడని ఆఫీసులో గుసగుసలు. నిప్పు లేనిదే పొగ రాదన్నాడు డ్రాఫ్ట్స్‌మన్. ఆమెకూ అలాగే తోచింది.

మర్నాడు పొద్దున్నే సిగ్నలు కొలిచే మీటరు తీసుకుని స్కూటరు మీద బట్టీకి వెళ్ళింది. కూలిన గోడలు, తుమ్మపొదలు, మట్టి తవ్విన గుంటల్లో పచ్చబడ్డ నీళ్ళు. మీటరులో ముల్లు కదల్లేదు; ఏ గేట్‌వే సంకేతమూ అక్కడికి అందడం లేదు. ఒక్క ఇల్లూ లేదనడానికి రుజువుగా నాలుగు వైపులా ఫొటోలు తీసింది. కమిషనరుకు పంపాల్సిన ఫిర్యాదు అక్కడే నిలబడి ఫోన్లో రాయడం మొదలుపెట్టింది.

పక్క తోట కాపలా ముసలాయన కంచె దాటి వచ్చాడు. ఆమె చేతిలోని మీటరును కాసేపు చూశాడు.

"మీరూ ఆ ఇంజనీరు సారు ఆఫీసేనా అమ్మా? ఆయనా ఇలాంటి మిషనే పట్టుకుని ప్రతి ఆదివారం వస్తారు. ఆ గుంట చుట్టూ తిరిగి వెళ్ళిపోతారు."

ఆమె వేలు ఫోను మీద ఆగింది. ఈ మాట కూడా ఫిర్యాదులో చేర్చవచ్చు.

"ఈ స్థలం సారు బావమరిదిదేనట కదా?" అంది.

"ఎవరన్నారు? ఇది సర్కారు భూమి."

"మరెందుకు వస్తారు?"

ముసలాయన గుంట వైపు చూశాడు.

"పోయిన ఏడాది ఇల్లు మరిచిపోయి ఎటో వెళ్ళిపోయిన సారు వాళ్ళమ్మ, నాలుగో రోజున అందులోనే దొరికింది."