కారు దాకా

“చీకటి పడ్డాక ఒంటరిగా నడవడమేంటి? ఊబర్ బుక్ చేసుకోవచ్చు కదా!”

జయంతి గొంతు వెయిటింగ్ రూమంతా వినిపించింది. లోపల ఐసీయూలో కావ్యశ్రీకి స్పృహ లేదు. నిన్న జయంతి ఇంట్లో భోంచేసి బస్‌స్టాప్‌కి నడిచి వెళ్తుంటే ఎవరో తల పగలగొట్టారు.

కావ్యశ్రీ రూమ్మేట్ నైనిక తల దించుకుంది. జయంతి పక్కింటి యూదురాలు రివ్‌కా మెల్లగా అంది.

“మా శాస్త్రంలో ఒకటుంది, జయంతీ. ఊరి బయట ఎవరినైనా చంపి పడేస్తే, చంపిందెవరో తెలియకపోతే, దగ్గరి ఊరి పెద్దలు చేతులు కడుక్కుని, ‘ఈ రక్తం మేం చిందించలేదు’ అని చెప్పాలి.”

“పెద్దలేం చేశారు పాపం?”

“మా గురువులూ అదే అడిగారు. ‘అన్నం పెట్టకుండా పంపలేదు, తోడు లేకుండా పంపలేదు’ అని దానర్థమట. చచ్చిపోయినవాడు ఒంటరిగా ఎందుకెళ్లాడని మాత్రం ఎవరూ అడగరు.”

“అన్నం పెట్టాను,” అంది జయంతి చటుక్కున.

రెండో మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నిన్న కావ్యశ్రీ చెప్పులేసుకుంటుంటే తను సోఫాలోంచే బై చెప్పింది.

నైనిక లేచింది. “కావ్య బట్టలు తెస్తాను ఆంటీ.”

“ఆగమ్మా, కారు దాకా నేనూ వస్తా,” అంటూ జయంతి ఆమె చెయ్యి పట్టుకుంది.

“కారు ఇక్కడే ఉంది ఆంటీ. పట్టపగలే కదా!”

జయంతి ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.