యాడీ అన్న మాట

పిల్లను ఇంటికి తీసుకుపొమ్మంటే ఆ తల్లి మంచం పక్కనుంచి లేవలేదు.

ఆమె పేరు రుక్కి. మానుకోట పక్కన ఒక తండా. ఎనిమిదేళ్ల నీలిని భుజాన వేసుకుని పొద్దున్నే ఈ పిల్లల దవాఖానకు వచ్చింది. నిన్నటి నుంచి జ్వరం. సూది వేశాక ఒళ్లు చల్లబడింది. రక్తపరీక్షలో పెద్దగా ఏమీ తేలలేదు. నీలి రెండు బిస్కట్లు తిని, ఇంటికి పోదామని గునుస్తోంది.

డాక్టరు సాయికిరణ్ కూడా పొమ్మనే అన్నాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. అడ్డం పడ్డది తల్లి ఒక్కతే.

"బిడ్డ నన్ను గుర్తుపడ్తలేదు సారూ," అంది రుక్కి.

డాక్టరు నీలిని పేరు అడిగాడు. చెప్పింది. ఊరు అడిగాడు. అదీ చెప్పింది. రుక్కిని చూపించి ఈమె ఎవరని అడిగితే, "యాడి" అంది.

యాడి అంటే అమ్మ అని నర్సు మార్తమ్మ చెప్పింది. వచ్చేవాళ్లలో సగం మంది తండాల వాళ్లే కాబట్టి ఆమెకు నాలుగు లంబాడీ మాటలు వచ్చు.

డాక్టరు నవ్వాడు. "ఇంకెట్ల గుర్తుపట్టాలమ్మా?"

"గదే సారూ. పొద్దుగాల లేచి నన్ను యాడీ అన్నది. గందుకే ఉరికొచ్చిన."

ఈసారి గదిలో అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది పక్క మంచం రాధ. కొడుకు టైఫాయిడ్‌తో ఉన్నాడు గానీ ఆమె నోటికి ఏ జబ్బూ లేదు. పిల్ల అమ్మా అని పిలిస్తే దవాఖానకు తెచ్చేదాన్ని ఇప్పుడే చూస్తున్నానంది.

రుక్కి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

"ఇంకోపారి చూడుండ్రి సారూ. మీరు చూసేదాంక నేను లెవ్వ."

బయట జనం నిలబడి ఉన్నారని మార్తమ్మ కసిరింది. రుక్కి కదలలేదు. డాక్టరు చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. విసుక్కుంటూనే వెనక్కి వచ్చి, నీలి తల కింద చెయ్యి పెట్టి పైకి లేపబోయాడు.

మెడ వంగలేదు. నీలి కెవ్వుమంది.

డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. వెన్నులోంచి నీరు తీయించాడు. సాయంత్రానికి సంగతి తెలిసింది. జ్వరం మెదడు పొరలకు పాకింది. ఇంటికి తీసుకుపోయి ఉంటే పిల్ల దక్కేది కాదని ఆయనే రుక్కితో చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

ఆ తర్వాత నీలి కళ్లు తెరవడమే తక్కువైంది. తెరిచినప్పుడల్లా "యాడీ, యాడీ" అంటూ చెయ్యి చాచేది. రుక్కి ఆ చెయ్యి పట్టుకునేది. కానీ ఆ పిలుపు విన్న ప్రతిసారీ ఆమె ముఖం వాడిపోయేది.

రాధకు అదొక్కటే అర్థం కాలేదు. అయినా ఇప్పుడామె నవ్వడం లేదు. తన టిఫిన్ డబ్బాలోంచి సగం అన్నం రుక్కికి పెడుతోంది. మొదటిరోజు తను వాగిందంతా మర్చిపోయి, వార్డులోకి వచ్చినవాళ్లందరికీ రుక్కి గొప్ప చెబుతోంది.

"ఎంతైనా కన్నపేగు. డాక్టరుకు అందనిది తల్లికి అందింది."

ఆ మాట వినపడ్డప్పుడల్లా రుక్కి ముఖం కిటికీ వైపు తిప్పుకునేది.

ఒక మధ్యాహ్నం నీలి కళ్లు తెరిచింది. పైన తిరుగుతున్న ఫ్యాను చూసింది. సెలైన్ సీసా చూసింది. చివరికి పక్కనున్న మనిషిని చూసింది.

"రుక్కీ, నీళ్లు."

రుక్కి పిల్ల మీదికి వంగింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. పిల్ల నుదుటిని మళ్లీ మళ్లీ ముద్దు పెట్టుకుంది.

రాధకు మాత్రం ఒళ్లు మండింది. "ఏందే పిల్లా, నిన్ను బతికించిన తల్లిని పేరు పెట్టి పిలుస్తవా?"

రుక్కి వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. పిల్లకు నీళ్లు తాగించి, దుప్పటి కప్పి, కళ్లు మూతపడేదాకా ఆగింది. తర్వాత రాధ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"అననియ్యక్కా. దాని యాడి సచ్చిపోయినంక గా ఇంటికి వచ్చినదాన్ని నేను. ఒక్కపారన్న యాడీ అంటదేమోనని ఏండ్ల సంది ఎదురుచూసిన. గా మాట దాని నోట్లకెల్లి వచ్చిన పొద్దుగాలనే, పిల్లకు సోయి లేదని దవాఖానకు ఉరికిన."