మాట రాని వీడియో

బొమ్మ కదిలింది. మాట రాలేదు.

దివాకర్ స్పీకర్ల వైరు ఊడదీసి మళ్లీ పెట్టాడు. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు. ఏం చేసినా అంతే.

పెళ్లి వీడియోలనూ పుట్టినరోజు వీడియోలనూ ఏ పేచీ లేకుండా ఆడించే అతని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, తండ్రి కారులో రోడ్డు వైపు పెట్టిన కెమెరా తీసిన వీడియో దగ్గరికి వచ్చేసరికి మొండికేస్తుంది. బొమ్మ ఆగి ఆగి దూకుతుంది. శబ్దం అసలే ఉండదు.

"ఏడాది సంది గిట్లనే ఉంది. ఇడిసెయ్," అన్నాడు చెల్లెలు వర్షితతో.

వర్షిత వదల్లేదు. ఎల్లుండి తండ్రి గాలయ్య సంవత్సరీకం. దేవరకొండలో కిరాయి కారు నడిపిన మనిషి ఆయన. స్టీరింగ్ పట్టుకుంటే నోరు ఊరుకునేది కాదు, ఏదో ఒకటి పాడుతూనే ఉండేవాడు. ఆ గొంతు కాస్త దొరికితే తల్లికి వినిపించాలని ఆ పిల్ల ఆశ.

తల్లి అమృతమ్మ బాధ వేరు. మర్రిగూడ రోడ్డు మీద గుండె నొప్పి వస్తే గాలయ్య కారు పక్కకు ఆపుకొని, అందులోనే పోయాడు. ఎవరో ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది గాని, అప్పటికే అయిపోయింది. కొడుకు ఆ రోజు హైదరాబాద్‌లో ఉన్నాడు.

"కన్నకొడుకు ఉండి కూడ, నోట్లె సుక్క నీళ్లు పడకుంట పోయిండు," అంటుంది ఆమె, కంచం ముందు కూర్చున్నప్పుడల్లా.

కొడుకును తప్పుపట్టాలని కాదు. కడుపులో ఉన్నది అలా బయటికి వస్తుంది, అంతే. కాని ఆ మాట వింటే దివాకర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది.

ఆ బాధంతా ఎవరి మీదైనా తీర్చుకోవాలి. ఒక మనిషి దొరికాడు.

వీడియోలోనే ఉన్నాడు ఆ మనిషి. మోపెడ్ మీద సీతాఫలాల గంప కట్టుకొని ఎదురుగా వస్తాడు. కారులోకి తొంగి చూసి పక్కకు పోతాడు. అక్కడ బొమ్మ ఆగిపోతుంది. మళ్లీ కదిలేసరికి కారు ముందు నిలబడి ఉంటాడు, చేతిలో గాలయ్య ఫోన్. ఇంకోసారి దూకేసరికి దాన్ని జేబులో వేసుకుంటూ ఉంటాడు. ఆ తర్వాత అంతా ఖాళీ రోడ్డే.

దివాకర్ ఖాళీ రోడ్డును కత్తిరించేసి, మిగిలిన ముక్కను ఊళ్లో వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు. పాణం పోతున్న మనిషి దగ్గర ఫోన్ కొట్టేసిన దొంగ అని కింద రాశాడు.

దినాల రోజు ఆ మనిషే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు హసన్. చేతిలో గాలయ్య ఫోన్ ఉంది.

"అన్నా, జర నా మాట ఇనుండ్రి..."

దివాకర్ వినలేదు. ఫోన్ గుంజుకొని చెంప మీద కొట్టాడు. చుట్టాలు తలా ఒక మాట అని వాకిలి దాటించారు. వీడియో చూసి భయపడి తెచ్చిచ్చాడనే అందరూ అనుకున్నారు. బజారులో హసన్ ఏదో చెప్పుకోబోయాడట. దొంగలంతా అట్లనే చెప్తరులే అన్నారట. ఆ తర్వాత దేవరకొండలో అతని గంప ముందు ఆగేవాళ్లు లేకుండా పోయారు. తిరుమలగిరి అంగడికి పోయాడు. వీడియో అతని కంటే ముందే అక్కడికి చేరింది.

మొన్న వానల్లో జ్వరమొచ్చి పోయాడని ఎవరో చెబితే, "పోనీ," అన్నాడు దివాకర్. అంత తేలిగ్గా అన్నాడు.

వైర్లతో తంటాలు పడిన రోజే, మధ్యాహ్నం వర్షిత పిలిచింది.

"అన్నా, ఫైల్ మంచిగనే ఉన్నది. గా కెమెరా రికార్డు చేసే తీరే మన సాఫ్ట్‌వేర్‌కు సమజైతలేదు. వేరే తీరు ఫైల్ లెక్క మార్చిన. సూడు."

ఈసారి బొమ్మ దూకలేదు. హసన్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం, గాబరాగా చెయ్యి ఊపుతూ మాట్లాడటం, అన్నీ కనిపించాయి. తెరిచి ఉన్న కారు తలుపులోంచి మాట కూడా వినిపించింది.

"మర్రిగూడ రోడ్డు సార్, జల్ది రావాలె. మీరు మళ్ల ఫోన్ జేస్తె తొవ్వ చెప్పనీకి గీ ఫోన్ నా జేబులనే పెట్టుకుంట."

అంబులెన్స్‌కు ఫోన్ చేసిన మనిషి ఎవరో అప్పుడు తెలిసింది. దివాకర్ తన అరచేయి చూసుకున్నాడు. ఆ చెయ్యి మీద అతనికే అసహ్యం వేసింది. వీడియో ఆపెయ్యమన్నాడు.

"ఉండనియ్యి," అంది వెనక నుంచి అమృతమ్మ. ఆమె ఎప్పుడు వచ్చి నిలబడిందో ఇద్దరూ చూడలేదు.

తెర మీద ఖాళీ రోడ్డు మొదలైంది. దివాకర్ కత్తిరించి పారేసిన ముక్క అది.

సీసా మూత తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత గాలయ్య గొంతు. పాటలు పాడిన గొంతే, ఇప్పుడు గాలి అందక తెగి తెగి వస్తోంది.

"దివాకరా... వచ్చినవా బిడ్డా?"

ఎవరో దగ్గరికి ఒంగినట్టు సీటు కిర్రుమంది.

ఆ తర్వాత హసన్ గొంతు మెల్లగా పలికింది: "వచ్చిన బాపు, నేనే, నీ దివాకర్‌ని, జర నోరు తెరువు, నీళ్లు తాగు."