ఎర్ర ముక్కల బొంత

అత్త పోయిన ఏడాదికి ఆండాలు బొంత మొదలుపెట్టింది. అత్త తిట్టిన ప్రతి తిట్టుకూ ఒక ఎర్ర ముక్క, మెచ్చుకున్న రోజుకు పచ్చ ముక్క అనుకుంది. పచ్చది ఒక్కటే సరిపోయింది. ఎర్రవి చాలక చార్మినార్ దగ్గరి దర్జీలనడిగి సంచెడు పీలికలు తెచ్చుకుంది.

మూడు రోజులుగా, కుట్టిన ఎర్ర ముక్కలు తెల్లారేసరికి ఊడి ఉంటున్నాయి.

"ఎలుకలే," అన్నాడు భర్త అంజన్.

"ఎలుకలు కుట్లు ఇప్పి, ముక్కలు మడతవెడ్తయా?"

అంజన్ దుప్పటి ముసుగేసుకున్నాడు.

నాలుగో రాత్రి ఆమె లైటు ఆర్పి, బొంతను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. గౌలిపుర గల్లీలో ఆఖరి ఆటో చప్పుడూ ఆగిపోయింది. అప్పుడు తన ఒళ్ళోనే టప్‌మని ఒక దారం తెగింది. కాసేపటికి ఇంకోటి. కోడలి కుట్టు నచ్చనప్పుడల్లా అత్త పళ్ళతో తెంపే చప్పుడది.

ఆండాలు బొంతను రెండు చేతులా అదిమి పట్టుకుంది.

"అత్తమ్మా, గివన్నీ నువ్వన్న మాటలే. ఒక్కటి గూడ నేను కల్పించలే. నువ్వెన్నిసార్లు ఇప్పితే గన్నిసార్లు కుడత."

చప్పుడు ఆగింది.

చీకట్లో తడుముకుంటే సూది దొరికింది. చూపు ఆనక, అత్త ఇరవై ఏళ్ళపాటు ఆండాలు చేతే దారం ఎక్కించుకున్న సూది. ఇప్పుడు దానికి దారం ఎక్కించి ఉంది, చివర ముడి కూడా వేసి.

ఆండాలు లైటు వేసింది. ఎర్ర దారం.

ఆ ఇంట్లో మొదటిసారి కాలు మీద కాలేసుకుని, ఆమె తీరిగ్గా కుట్టసాగింది.