తోడొచ్చిన తాత

"కదలకు తాతా" అంటూ మనవరాలు మళ్ళీ ఆయన టోపీ సరిచేసింది.

"నేనెక్కడ కదిలాను? వణికేది నీ చెయ్యి" అన్నాడు తాత.

బల్ల మీద పక్కనే కూర్చున్న చిత్రకారిణి మూతి బిగించి నవ్వాపుకుంది. ఊళ్ళో కళాకారులకు కళామండలి ఏటా ఇచ్చే గ్రాంటు కోసం వచ్చినవాళ్ళే వరండా నిండా. ఒకరి చేతిలో చుట్టిన పటాలు, ఇంకొకరి చేతిలో వేణువు. మనవరాలికి తోడుగా తాత.

నిరుడు ఒంటరిగా వచ్చింది. లోపలివాళ్ళు ఎంత మెత్తగా అడిగినా గొంతు పెగల్లేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆమె అడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. ఆసుపత్రిలో పిల్లల వార్డుకు ఒక కథల బండి. ఈసారీ నోరు తెరవకపోతే ఇక ఆ దరఖాస్తు ముట్టుకోరు.

అటెండరు ఆమె పేరు పిలిచి, పక్కన తాతను చూసి ఆగాడు.

"దరఖాస్తు పెట్టినవాళ్ళే లోపలికి వెళ్ళాలమ్మా."

"నేను లేకుండా ఇది వెళ్ళినా ఒకటే, వెళ్ళకపోయినా ఒకటే నాయనా" అన్నాడు తాత.

అటెండరు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "సరే, మీరిద్దరూ కలిసి ఒక్కరి కిందే లెక్క. పదండి" అని తలుపు తీసి పట్టుకున్నాడు.

లోపల పొడుగాటి బల్ల. ఒక పక్క మండలి అధ్యక్షురాలు, ఒకప్పటి గాయని. ఇంకో పక్క కోశాధికారి, కళ్ళజోడు ముక్కు మీదికి జారిన మనిషి.

"ఇంకో కుర్చీ వేయించమంటారా?" అంది అధ్యక్షురాలు.

"వద్దమ్మా, సర్దుకుంటాం" అన్నాడు తాత.

కోశాధికారి గొంతు సవరించుకున్నాడు. "నిబంధన ప్రకారం జవాబులు దరఖాస్తుదారే చెప్పాలి. ఈ పెద్దమనిషి కాదు."

"నిరుడు ఈ పిల్లనే అడిగారు కదా బాబూ. ఏం చెప్పింది?"

"ఏమీ చెప్పలేదు. ఆ గోడ గడియారం చూస్తూ కూర్చుంది."

"అది ఆగిపోయిందని ఇంటికొచ్చి నాతో చెప్పింది. ఇంకా బాగు చేయించలేదా?"

కోశాధికారి తల తిప్పి గడియారం చూసి, అంతే వేగంగా చూపు దించుకున్నాడు.

అధ్యక్షురాలు నవ్వలేదు. కుర్చీ కాస్త పక్కకి జరుపుకుని తాతకు ఎదురుగా కూర్చుంది. ఇక ఆమె చూపు మనవరాలి మీద పడదు. మనవరాలికి ఊపిరాడింది. ఒక చెయ్యి తాత వీపు మీదే ఉంచి, పెదవులు బిగించుకుని, బల్ల చెక్క మీది గీతలు చూస్తూ ఉండిపోయింది.

"చెప్పండి పెద్దాయనా. బండి ఎందుకు?"

"మంచం దిగలేని పిల్లలు కథ దగ్గరికి రాలేరమ్మా. కథే వాళ్ళ దగ్గరికి పోవాలి. మంచాల మధ్య పట్టేంత సన్నటి బండి, చప్పుడు చెయ్యని చక్రాలు, ముందో చిన్న తెర. అంతే."

"బండి ఎవరు చేస్తారు?"

"వీళ్ళ నాన్న. మంచి వడ్రంగి. ఆయన చేతిపనికి నేను పూచీ."

"తోసేది మీరా?" అన్నాడు కోశాధికారి.

"నేను ఎక్కి కూర్చుంటాను. తోసేది ఇదే. ఈ వయసులో నాచేత బండి తోయిస్తారా?"

కోశాధికారి మీసాల చాటున ఏదో కదిలింది. "పని ఏడాది పాటు నడవాలి. మధ్యలో మీకేదన్నా అయితే?"

"నాకేం కాదు. ఒకసారి మెట్ల మీంచి పడితే మెడ తిరిగిపోయింది. వీళ్ళ నాన్నే సరిచేశాడు. డాక్టరు దాకా పోలేదు."

అధ్యక్షురాలు నీళ్ళ గ్లాసు మనవరాలి వైపు జరిపింది, అటు చూడకుండానే. ఆమె తాగేదాకా తాత ఆగాడు. తరవాత ఆయన గొంతు కొంచెం తగ్గింది.

"చిన్నప్పుడు ఇది ఆ వార్డులోనే చాలా రోజులు పడుకుందమ్మా. వచ్చినవాళ్ళంతా ఎలా ఉందని అడిగేవాళ్ళు. చెప్పీ చెప్పీ దీనికి మాట మీదే విసుగొచ్చింది. అప్పుడు నేను వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. ఎలా ఉందని అడగలేదు. కథ చెప్పాను. అప్పట్నుంచీ నాతో మాట్లాడుతుంది."

కోశాధికారి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"బాగానే ఉంది. కానీ ఒక్క మాటన్నా అమ్మాయి చెప్పాలి కదండీ" అన్నాడు కోశాధికారి, ఈసారి కాస్త మొహమాటంగా. "ఏమ్మా, గ్రాంటిస్తే పని పూర్తి చేస్తావా?"

మనవరాలి తల ఇంకా వంగింది. తాత తల కూడా వంగింది. తాత మళ్ళీ తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"చేస్తుంది" అన్నాడు.

"చూశారా?" అన్నాడు కోశాధికారి అధ్యక్షురాలితో.

"విన్నాను" అందామె. "దరఖాస్తుదారు అన్ని ప్రశ్నలకూ స్వయంగా జవాబు చెప్పింది. అలాగే రాయండి."

"అలా రాయొచ్చంటారా?"

"నేను అబద్ధం రాయమంటానా?"

ఆయన ఆమెను చూశాడు, తాతను చూశాడు. కలం మూత తీసి రాశాడు. సంతకాలు అయ్యాయి. అధ్యక్షురాలు లేచి తాతకు నమస్కారం పెట్టింది. "పిల్లల్ని ఎక్కువ ఎదురుచూడనివ్వకండి" అంది.

వరండాలోకి వచ్చేసరికి బయట వాన మొదలైంది. అటెండరు బల్ల కింద భద్రంగా జరిపి ఉంచిన ఆమె పెట్టెను ముందుకి లాగి ఇచ్చాడు.

"పెద్దాయన గట్టివాడే. గుమ్మం దాకా వినపడింది."

తాత ఏమీ అనలేదు.

"అవును" అంది మనవరాలు.

ఆ మాట బయటికొచ్చిందని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది. బల్ల మీద కూర్చుని, పెట్టె తెరిచి, తాత టోపీ తీసింది. చెక్క నోటి దారం వదులు చేసి, ఆయన్ని రెండుగా మడిచి లోపల పెట్టింది.