ఎదురు కుర్చీ

"యోగేందర్, నువ్వు గిట్ల నా ఎదురుగ కూసో. గప్పుడు సూది దించమను," అన్నాడు వీరేశం.

యోగేందర్‌కు ఒళ్లు మండింది. మూడేళ్లుగా ప్రతి ఆదివారం ఇదే తంతు. దిల్‌సుఖ్‌నగర్‌లో భానుమూర్తి రికార్డుల దుకాణానికి పదిమంది పాటల పిచ్చివాళ్లు చేరతారు. చవకలో దొరికే కార్ట్రిడ్జులను, అంటే రికార్డు మీద నడిచే సూదినీ దాన్ని పట్టుకుని ఉండే చిన్న డబ్బీనీ, ఒక్కొక్కటిగా ప్లేయర్‌కు బిగించి వింటారు. ఏది కొనదగ్గదో చివరికి తేల్చేది వీరేశం. తేల్చేముందు ఆయనకు ఎదురుగా ఒక ప్రేక్షకుడు కావాలి. ఆ ప్రేక్షకుడు ఎప్పుడూ యోగేందరే.

భానుమూర్తి సూది దించాడు. అందరూ కళ్లు మూసుకుని వింటున్నారు. వీరేశం మాత్రం తెరుచుకునే ఉన్నాడు. అదో గొప్ప మరి.

వయొలిన్ పైస్థాయికి వెళ్లగానే చిన్న గరుకు. గాయని 'స' అన్న చోటల్లా ఇసుక రాలినట్టుంది. ఆ ముక్కే చెబుదామని యోగేందర్ నోరు తెరవబోయాడు.

"పైకి వోతె గీరుతున్నది. నీలం డబ్బీ వద్దు," అన్నాడు వీరేశం.

అందరూ తలలూపారు. నేనూ అదే అనుకున్నానంటే నవ్వుతారని యోగేందర్ నోరు మూసుకున్నాడు. మూడేళ్లలో ఎన్ని మాటలు ఇలా నాలుక చివరి నుంచి ఎగిరిపోయాయో లెక్కలేదు.

అతనిది పోచంపల్లి నేతవాళ్ల కుటుంబం. ఎల్‌బీ నగర్‌లో చీరల దుకాణంలో ఉద్యోగం. అంచులో ఒక్క పోగు తప్పినా కన్ను పట్టేస్తుంది, పాటలో ఒక్క పలుకు చెదిరినా చెవి పట్టేస్తుంది. ఇంటర్నెట్‌లో సూదుల గురించి రాసిందల్లా చదివాడు. వీరేశమో ముప్పై ఏళ్లు పిండి గిర్ని నడిపిన మనిషి. ఆయన దగ్గరున్నవి రెండే మాటలు. బాగాలేకపోతే గీరుతున్నది, బాగుంటే సాఫ్‌గ ఉన్నది. అయినా దుకాణానికొచ్చిన ప్రతివాడూ అడిగేది వీరేశం గారు ఏమన్నారనే.

పోయిన నెల ఏదో రికార్డు కోసం యోగేందర్ వీరేశం ఇంటికి వెళ్లాడు. వంటింట్లో కుక్కర్ ఆరుసార్లు కూత పెట్టింది. వీరేశం నవాబులా కూర్చునే ఉన్నాడు. బట్టలు ఆరేయడానికి డాబా మీదికెళ్లిన భార్య స్వరూపరాణి పరుగున దిగొచ్చి స్టవ్ కట్టేసింది. ఇంట్లో కూడా ఇంత పొగరా అనుకున్నాడు యోగేందర్. ఆ రోజంతా అతనికి అన్నం సహించలేదు.

ఇప్పుడు పుండు మీద కారంలా భానుమూర్తి మరో కబురు చెప్పాడు. దసరా నుంచి దుకాణంలో ఒక కుర్చీ వేస్తాడట. కొనడానికొచ్చిన వాళ్లకు ఏ సూది మంచిదో అందులో కూర్చున్న మనిషే చెప్పాలి. గోడమీద ఆ మనిషి పేరుతో బోర్డు కూడా ఉంటుంది.

"వీరేశం గారి పేరే రాయిద్దామనుకుంటున్నానండీ," అన్నాడు.

యోగేందర్ ఇక ఆగలేకపోయాడు. "రాయించుండ్రి. గని ఒక్కపారి పర్దా కట్టి చూద్దాం. ఏ సూది పెట్టిన్నో చూడకుండ చెప్పాలె. చెప్పకుంటే కుర్చీ నాకు."

వీరేశం ఒక్క క్షణం అతని వంకే చూశాడు. "పర్దా ఎందుకు తమ్మీ?" అన్నాడు మెల్లగా.

ఆ మెల్లదనం యోగేందర్‌కు తేనెలా తగిలింది. మనిషి భయపడ్డాడన్నమాట.

మరుసటి ఆదివారం యోగేందర్ ఇంటినుంచి పోచంపల్లి దుప్పటి తెచ్చి దుకాణంలో అడ్డంగా కట్టాడు. మధ్యలో మోసం జరగకూడదని రెండు ప్లేయర్లతో తనే దాని వెనక నిలబడ్డాడు. ఒకదానికి నీలం డబ్బీ, ఇంకోదానికి పోయిన ఏడాది వీరేశం సాఫ్‌గ ఉన్నదన్న ఎర్ర డబ్బీ. ముందు ఎర్రది వినిపించాడు. తర్వాత నీలం. మళ్లీ ఎర్రది. నీలం వంతు వచ్చినప్పుడు ఆ గరుకుకు అతని పళ్లు జివ్వుమన్నాయి. చిన్నపిల్లాడైనా పోల్చుకుంటాడు.

పాట ఆగింది. అవతల అలికిడి లేదు. యోగేందర్ దుప్పటి తొలగించి చూశాడు. వీరేశం ఆ దుప్పటినే చూస్తూ కూర్చున్నాడు.

"నాతోటి కాదు. కుర్చీ యోగేందర్‌కే ఇయ్యి," అని లేచాడు.

భానుమూర్తి బోర్డు కాగితం తీసి పేరు కొట్టేసి మరో పేరు రాశాడు. యోగేందర్‌కు ఆనందం పట్టలేదు. అది కాసేపే. వీరేశం గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటుంటే వెనకే వెళ్లాడు.

"అన్నా, నాకోసం కావాలని ఓడినవా?"

"లే తమ్మీ. ముప్పయ్యేండ్లు గిర్నిల ఉంటె సన్న సప్పుడు ఇనుడు బందయింది. కూతలు, గజ్జెలు, నీ వయొలిన్ పైపలుకు, ఏది ఇనవడది. పాట నడుస్తున్నదని మాత్రం ఎర్కైతది."

యోగేందర్‌కు ఆ రోజు వాళ్లింట్లో కుక్కర్ గుర్తొచ్చింది.

"మరి మూడేండ్ల సంది ఒక్కపారి గూడ తప్పలే గదన్నా. ఎట్ల చెప్పినవ్?"

వీరేశం చెప్పులు వేసుకుని అతని వైపు తిరిగాడు.

"నీ మొఖం జూసి."